కప్పు

గనిల దిగంగనే మొదలు కప్పును కొట్టి చూస్తం.
సబ్బల మొనకు టంగుమంటే గట్టిది,
డొల్లగ పలికితే కూలేది.
పదకొండేండ్లు ఆ సప్పుడు ఇన్న చెవులు నావి.
నా లోపలి డొల్ల మాత్రం ఇనవడలే.

హన్మకొండ నక్కలగుట్టల నర్సు ఇంకో కప్పు ఇచ్చింది.
ప్లాస్టిక్‌ది, ఎర్రమూతది,
మీద నా పేరు, టైము.
"గొళ్లెం సరిగ పడదన్నా, చెయ్యి అడ్డం పెట్టుకో"
తల వంచుకోనే చెప్పింది.

కాయితం మీద ఒక్కటే అంకె. సున్న.
నెలకు మళ్ల చూసినా సున్ననే.

ఎనిమిదేండ్లు స్వరూప మింగిన గోలీలు,
సీమంతాలకు ఆమెను పిలువని మా వాడకట్టు,
అన్నీ ఆ సున్నల పట్టినయి.
పరకాల దాటేదాక బస్సుల ఆమె మాట్లాడలే.
రేగొండ కాడ జామకాయ కొని
సగం కొరికి సగం నాకిచ్చింది.
ఉప్పు ఎక్కువైంది.

చెప్పులు ఇడువకముందే అవ్వతోని అన్న:
"కోడల్ని ఇంకేమనకు. లోపం నాది."
అవ్వ చేట ఆపింది.
మళ్ల చెరిగింది,
రాళ్లు లేని బియ్యంల రాళ్లు ఏరింది.

డాక్టరమ్మ బొమ్మ గీసింది.
చిన్న కోత పెట్టి, లోపలి సన్న పోగులు తీసి
మైక్రోస్కోపు కింద పరిచి వెతుకుతరట.
గుడ్డుకు ఒక్కటి చాలు, సూదితోని లోపలికి పంపుతరట.
దొరకొచ్చు. దొరకకపోవచ్చు.
అది నాకు తెలిసిన భాషే,
బోరు దించిన కాడల్ల బొగ్గు తగులుతదా?

ఓదెలుకు మాత్రం హెర్నియా అని చెప్పిన.
నా అబద్ధానికి వాడు
ఆరు బత్తాయిలు తెచ్చిండు.

నడుం కింద మొద్దువారింది.
రోజూ నెత్తికి దీపం కట్టుకోని
భూమి చీకట్ల చూసేటోన్ని,
ఇయ్యాల ఎవరి దీపమో నా చీకట్ల దిగింది.
నాది ఒక్క కోత.
పక్క మంచం మీద స్వరూప,
పది రోజులు పొట్టల సూదులు పొడిపించుకున్నది,
లోపమేమో నాదాయె.

తొమ్మిదింటికి తీసుకపోయిన పోగులు.
పన్నెండాయె, రెండాయె.
నాలుగు కొట్టినంక ల్యాబు పిల్ల తలుపు తీసింది,
కండ్లు ఎర్రగ, మాస్కు కిందికి గుంజి:
"దొరికినయన్నా. మూడు.
ఒకటి మంచిగ కదులుతున్నది."

కప్పు కూలిన నాడు పైన గిట్లనే చెప్తరు.
పేర్లు తర్వాత.
ఎంతమంది బతికున్నరన్న లెక్కనే ముందు.

స్వరూప మత్తుల నుంచే గొణిగింది:
"కదిలేది నీ పోలిక కాదు.
పంటే నువ్వు లేస్తవా?"
నవ్వొచ్చింది.
కుట్లు గుంజినయి.