ముప్పై సెకన్లు

సొహార్ రేవుల నైట్ డ్యూటీ అంటే
నూట నలభై రీఫర్ డబ్బాలకు జవాబులు చెప్పుడు.
ఒక్కో డబ్బాకు ఒక బుర్ర. పాత ప్రోగ్రాం,
నల్ల తెర, రెప్పలు కొట్టుకునే కర్సరు.
పేరు? అంటది. కొడుత.
పాస్‌వర్డ్? కొడుత, అక్షరాలు కనబడయ్.
నిన్నటి లెక్క తుడిచెయ్యాల్నా, అవునా కాదా?
వై. ఎంటర్.
తర్వాతి డబ్బా.

రాత్రికి నూట నలభై సార్లు పేరు చెప్పుకున్నోనికి
తెల్లారేసరికి సొంత పేరు మీదనే విసుగొస్తది.
చూపుడువేలు కొసన తోలు గట్టివడ్డది,
బీడీలు చుట్టే మా చిన్నమ్మ వేలు లెక్క.

క్రేన్ ఆఫీసుల షిబిన్ అని కొల్లం పిలగాడు
పైథాన్ నేర్పిండు. అసలు రెండే పనులు, అన్నడు:
ఒకటి ఎదురుచూసుడు, ఒకటి పంపుడు.
అడిగేదాంక ఆగాలె, అడుగంగనే చెప్పాలె.
ముందే చెప్తే ఆ మాట గాలిల కలుస్తది.
ఎంత సేపు ఆగాలె?
ముప్పై సెకన్లు. అప్పటికీ తెలిసిన ప్రశ్న రాకుంటే
చేతులెత్తేసి నిన్ను లేపుతది.

ఈ విద్య నాకు ముందే వచ్చనిపించింది.
మెట్‌పల్లిల ఏజెంటు గది ముందటి బెంచీ,
పేరు పిలిచేదాంక కూసున్న, పిలువంగనే లేచిన.
మూడు నెలల జీతం పట్టుకుంటరు, సరేనా? సరే.
పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంటది, సరేనా? సరే.
ఆఖరి కాయితం అరబ్బీల ఉన్నది.
సరేనా అని ఆయన అడుగనే లేదు,
నేనే అన్న.

స్క్రిప్టుకు పదకొండు రాత్రులు పట్టింది.
ఒక డబ్బా ప్రశ్నకు ముందు ఖాళీ వదుల్తది,
ఒకటి రెండుసార్లు అడుగుతది, చెవిటిదాని లెక్క.
ముసలివి ఆగి ఆగి మాట్లాడ్తయ్.
పన్నెండో రాత్రి చేతులు కట్టుకొని కూసున్న.
నా పేరు దానంతటదే తెర మీద పడుకుంట పోయింది,
చాయ్ చల్లారకముందే నూట నలభై.
సంబురం కంటే ముందు భయమైంది:
నేను లేకుండ నేను పని చేస్తున్న.

మధ్యల ఒక సాలు రాసిన, ఎవలికీ చెప్పకుండ.
ఏ ప్రశ్న వచ్చినా, ఎన్నడు ఇననిదైనా, వై.
ఇగ ఒక్కసారి కూడ ఆగలే.
హమూద్ సాబ్ భుజం తట్టిండు.
ఆ సాలు కండ్లవడ్డప్పుడల్ల
ఆ బెంచీ యాదికొచ్చేది.
ఒక శుక్రారం తీసేసిన. ఎందుకంటే చెప్పరాదు.

ఆగస్టు. నడిరాత్రి కూడ సముద్రం ఉడుకుతనే ఉంటది,
అంగి పిండితే నీళ్లు.
రెండుంబావుకు ఫోన్ మోగింది. డెబ్బై మూడో డబ్బా.
లోపల వేడి పెరిగింది, పూర్తి చలి పెట్టాల్నా,
అవునా కాదా?
గిది నేను ఎన్నడు చూడని ప్రశ్న.
ముప్పై సెకన్లు చూసి స్క్రిప్టు ఆగిపోయింది.
నా వేలు వై మీదికే పోయింది, అలవాటు.
నొక్కలే. టార్చి పట్టుకొని ఉరికిన.

నారింజ పెట్టెల నడుమ ముడుచుకొని
దిల్‌బహాదుర్, లోడింగ్ గ్యాంగు నేపాలీ పిలగాడు.
ఐదు నిమిషాల చల్లదనానికి జొచ్చిండట,
ఎవలో చూసుకోక బయట గడియ పెట్టిండ్రు.
వానితోటి లోపలికి పోయిన ఉడుకు గాలికే
డబ్బాకు అనుమానమొచ్చింది.
పిడికిళ్లతోటి కొట్టిండట. కంప్రెషర్ల మోతల
ఎవలికి ఇనవడ్తది?
ఎత్తుకొని బయటికి తెస్తే
మేం రోజూ తిట్టుకునే ఉక్కపోతే
వానికి గొంగడైంది.

తెల్లారి హమూద్ సాబ్ అన్నడు,
ఆ ప్రశ్నకు కూడ జవాబు రాసి పెట్టు,
మల్ల నీ నిద్ర పాడుకాదు.
ఫైలు తెరిచిన. ప్రశ్న రాసుకున్న.
పంపే సాలు ఖాళీగ వదిలి,
కంప్యూటర్ చదువకుండ దాటిపోయే చోట, తెలుగుల,
ఇక్కడ నన్ను లేపు, అని రాసిన.

డ్యూటీ దిగేటప్పుడు దిల్‌బహాదుర్ వచ్చి
కీబోర్డు పక్కన రెండు నారింజలు పెట్టిండు.
ఏ డబ్బాలెయో
నేను అడుగలే.