ఇండెక్సు కడుతోంది

శనివారం రాత్రి తనంతట తానే
కొత్త విండోస్ ఎక్కించుకుంది.
ఆదివారం నుంచీ తెర మీద చుక్కల చక్రం.
పలాస పాసింజరు వచ్చింది, ఆగింది,
చేపల బుట్టలు దించి వెళ్లిపోయింది.
చక్రం తిరుగుతూనే ఉంది.

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో
తెలుగు టైపు కొట్టేది నేనొక్కదాన్నే అని కాదు,
నాదే చవక.
బెంచీ మీద ముగ్గురు.
ఒకరికి పాస్‌బుక్ నకలు, ఒకరికి ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ,
సన్యాసమ్మకి వితంతు పింఛను అర్జీ.
"ఏటమ్మా, నీ మిషనుకి జొరమొచ్చినాదేటి?"
అంటూ సీపీయూ మీద చెయ్యి వేసి చూసింది.
నిజంగానే కాలుతోంది.

ఢిల్లేశ్వరరావు మధ్యాహ్నానికి వచ్చాడు,
చెవి మీద స్క్రూడ్రైవరుతో.
మూత ఊడదీసి ఊదాడు.
ఫ్యాన్‌లోంచి జీడిపప్పు పొట్టు లాంటి దుమ్ము,
ఒక బల్లిగుడ్డు పెంకు.

"నాలుగు జీబీ మెమొరీ. పన్నెండేళ్ల డిస్కు.
ఇంత సిన్న బండి మీద కొత్త సంసారం దింపినారు.
పైగా ఇది లెగిస్తే పద్దెనిమిది మంది
దీంతోపాటు లెగుస్తన్నారు."
వేలు పెట్టి చూపించాడు:
ఎప్పుడో అమ్మేసిన స్కానరు తాలూకుది,
ఒకదాన్నొకటి దొంగ అనుకునే రెండు యాంటీవైరస్‌లు,
వాతావరణం చెప్పేది ఒకటి.
వానొస్తే నాకు రేకులే చెబుతాయి.

ఒక్కొక్కదాన్నీ నిద్రపుచ్చాడు.
అయినా డిస్కు దీపం ఆరలేదు.
లోపల ఎవరో చేటలో రాళ్లు ఏరుతున్నట్టు
టక, టకటక, టక.
"ఇండెక్సు కడతంది.
పాత ఫైళ్లన్నీ తెరిసి సదువుకుంటంది.
ఆపేయమంటారా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను.
పన్నెండేళ్లు.
డబ్బు తీసుకున్నాక నేనే మళ్లీ చదవలేదు వాటిని.
తుపాను ఏడాది కొబ్బరిచెట్ల లెక్కలు,
చెట్టుకింత అని కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టినవి.
ఇంటిపేరు తప్పని మూడుసార్లు దిద్దిన శుభలేఖ,
నాలుగోసారి పెళ్లికొడుకే మారాడు.
మూతపడ్డ ఫ్యాక్టరీ వాళ్ల వినతిపత్రం, కాపీలు పదకొండు.
పెద్దకర్మ కార్డు మీద పళ్లు కనిపించేలా నవ్వుతున్న మనిషి,
వేరే ఫొటో లేదన్నారు.

ఈ ముసలి డిస్కు ఇప్పుడు
అక్షరం కింద వేలు పెట్టి
ఇవన్నీ కూడబలుక్కుంటోంది.

"ఉంచు. రాత్రంతా చదువుకోనీ" అన్నాను.
సన్యాసమ్మ అర్జీ చేత్తో రాసిచ్చాను.
నా దస్తూరీ చూసి నాకే సిగ్గేసింది.

పొద్దున్నకి దీపం ఆరింది.
వెతుకు అన్న గడిలో ఏం కొట్టాలో తోచక
బాకీ అని కొట్టాను.
కన్నార్పేలోపు అరవై రెండు పేర్లు.
అన్నిటికన్నా పైన
కె. ఢిల్లేశ్వరరావు, కంప్యూటర్ సర్వీసు,
విజిటింగ్ కార్డులు వెయ్యి,
బాకీ నాలుగు వందలు.

నిన్న అతని చేతిలో పెట్టింది అయిదు వందలు.
ఫోన్ తీశాను.
మోగుతోంది, మోగుతోంది.