కాకిలెక్క

కిలిన్ ఊళ్లో బేకరీ ఇంకా తెరవలేదు.
ఎల్స్పెత్ మెక్‌నాబ్ జీపులోనే కూర్చుని
మోకాళ్ల మీద పాత నోటుబుక్కు పరిచింది.
ముప్పయ్యేళ్లు తనే ఎక్కింది ఈ కొండ.
ఇప్పుడు ఎక్కేది మేము.
వాకీటాకీలో ఆమె గొంతు మాత్రం
మాకంటే ముందే పైకి చేరుతుంది.

మొక్క అంటే ఏం మొక్కని!
బొటనవేలి గోరంత ఆకుల గుత్తి,
పూస్తే ఉప్పురవ్వంత తెలుపు.
పేరు చెప్పను. చోటూ చెప్పను.
ఫారంలో ఆ గడిని నల్లసిరాతో కొట్టేస్తారు;
చిరునామా తెలిస్తే మొక్కకైనా కాళ్లొస్తాయి.

నల్లరాతి అరుగు, నిలువునా నీరు కారుతూ.
తాడుకి వేలాడుతూ, జానా బెత్తా కొలుచుకుంటూ
ఒకటి, రెండు,
ఒకదాన్నొకటి ఆనుకున్న గుత్తులు...
ఇవి ఒకటా, రెండా?
తవ్వి చూస్తే తెలుస్తుంది.
తవ్వితే లెక్కలో ఒకటి తగ్గుతుంది.
"పోట్లాడుకుంటున్నట్టుంటే రెండు రాయి"
అంది కిందనుంచి ఎల్స్పెత్.
ఏ నిబంధనల్లోనూ లేదు ఆ మాట.
రెండు రాశాను.

బొంతకాకి ఒకటి మా మీదుగా చుట్టు తిరిగి
మమ్మల్ని లెక్కపెట్టుకుని పోయింది: ఇద్దరు.
ఆ పూట కొండ మీద
తప్పులేని లెక్క అదొక్కటే.

పాత అరుగు మీద ముప్పై మూడు.
పోయినసారి ముప్పై ఎనిమిది.
గొర్రె పెంటికలు లేవు, బూటు గుర్తులు లేవు,
తిట్టడానికి ఎవరూ దొరకలేదు.
మంచు ఏప్రిల్ దాకా ఆగలేదు, అంతే.

అప్పుడు జారింది యూవన్ కాలు.
తాడు అతన్ని ఎడమకి ఊపి
రాతిమడత వెనక్కి విసిరింది.
ఒక బూతుమాట, కాసేపు ఏమీ లేదు,
ఆ తర్వాత మెల్లగా:
"ఇక్కడ ఎనిమిదున్నాయి."

ముప్పై మూడూ ఎనిమిదీ నలభై ఒకటి.
పెరిగింది!
పెరిగింది మొక్క కాదు, మా చూపు.
ఫారానికి చూపుతో పనిలేదు.
"తీవ్ర ప్రమాదం" నుంచి ఒక మెట్టు దిగి
ఉత్త "ప్రమాదం" దగ్గర చతికిలబడుతుంది.
ఎడిన్‌బరాలో ఎవరో ఊపిరి పీల్చుకుంటారు,
వచ్చే ఏడు మా తాళ్లకిచ్చే డబ్బు
ఇంకో కొండకి పోతుంది.
"మార్పుకి కారణం" అన్న గడిలో
కాలు జారింది, అని రాయనా?

వాకీటాకీ గరగరలాడింది.
"మొత్తం తర్వాత చెబుదువుగాని.
ముక్కురాయి కింద ఉండేది,
ఏటా ఒక్క పువ్వే, అదీ పక్కకి తిరిగి.
తొంభై నాలుగులో ఈ పుస్తకంలో
మొదటి గీత దానికే గీశాను.
ఉందా?"

ముక్కురాయి కింద తడి ఉంది.
తడిలో వేలెడు ఆకాశం ఉంది.
"మబ్బు కమ్మింది," అన్నాను,
"సరిగా కనబడటం లేదు."

లోయంతా ఎండ.
జీపు కిటికీలోంచి
బైనాక్యులర్ కళ్లు రెండూ
మా వైపే తిరిగి మెరుస్తున్నాయి.

"అలాగే," అంది. పేజీ తిప్పిన చప్పుడు.
"మరి మబ్బుని ఏ గడిలో రాసుకోను?"