ఐదేసి చొప్పున

ఐదు, పది, పదిహేను, ఇరవై.
నీలం పళ్ళెం మీద
చిన్న అట్లకాడలాంటి దాంతో
మాత్రల్ని ఇవతలికి లాగడం,
ముప్పై ఒక్కేళ్ళు నా చెయ్యి చేసిన పని ఇదే.
నిద్రలోనూ వేళ్ళు కదిలేవని మా ఆయన నవ్వేవాడు.

వెస్ట్ వర్జీనియా. కొండల నడుమ ఒక్కటే వీధి.
చర్చి, పోస్టాఫీసు, నా మందుల కొట్టు.
బొగ్గు రైలు వెళ్తే అరల్లో సీసాలు
ఒకదానికొకటి ఏదో చెప్పుకున్నట్టు గలగలమనేవి.

డెల్మర్ స్టిల్ట్‌నర్ మొదటిసారి వచ్చినప్పుడు
నడుముకి పట్టీ ఉంది.
గని కప్పు కూలి పన్నెండు నిమిషాలు రాతి కింద ఉన్నాడట.
చేతుల మీద నీలపు గీతలు:
గాయం మానేటప్పుడు లోపలే ఉండిపోయిన బొగ్గు.
"నొప్పి తగ్గితే చాలు వెర్నా, సోమవారం షిఫ్టుంది" అన్నాడు.
చీటీ సరిగ్గానే ఉంది. సంతకం సరిగ్గానే ఉంది.
అరవై లెక్కపెట్టి ఇచ్చాను.
మర్నాడు నా బల్ల మీద
వాళ్ళావిడ ఓపల్ ఊరబెట్టిన చిక్కుడుకాయల సీసా.

తర్వాత తొంభై. తర్వాత నూట ఇరవై.
తర్వాత అతనికి ఇరవై రోజులకే నెల నిండిపోయేది.

చిక్కుడుకాయలు రావడం మానేశాయి.
రంపం అమ్మాడు. వేటతుపాకీ అమ్మాడు.
బడి బ్యాండులో కూతురు లోర్నా ఊదే ట్రాంబోన్
తాకట్టు కొట్టు అద్దంలోంచి
ఇత్తడి మెడ చాచుకుని నెలంతా వీధిని చూసింది.
ఆ పిల్ల రోడ్డుకి అవతలి పక్కనుంచి నడిచేది.

తెల్లారకముందే నా కొట్టు ముందు కార్లు,
పక్క రాష్ట్రాల నంబరు పలకలు,
ఇంజను ఆపకుండానే నిద్రపోయే మనుషులు.
చూడలేదని చెప్పను. చూశాను.
ఆ ఏడే కొట్టుకి కొత్త కప్పు వేయించాను.
తనిఖీకి వచ్చినాయన పుస్తకాలన్నీ తిరగేసి
"ఒక్క మాత్ర తేడా లేదమ్మా" అని మెచ్చుకున్నాడు.
నిజమే.
లెక్క ఎప్పుడూ తప్పలేదు.

చీటీలు ఆగిపోయిన చలికాలం
మడత కాగితాల్లో ఇంకేదో దిగింది ఊళ్ళోకి.
దానికి పళ్ళెం లేదు, సంతకం లేదు.

ఒక సాయంత్రం లోర్నా. పదకొండేళ్ళు.
గడ్డం బల్లకి ఆనీ ఆనకుండా నిలబడి
"మనుషుల్ని లేపే మందుందట కదా" అంది.
ముక్కులో కొట్టేవి రెండిచ్చాను.
అంబులెన్సుకి ఏమని చెప్పాలో,
తల వెనక్కి ఎలా వాల్చాలో
నా తలనే వాల్చి చూపించాను.
"కొట్టాక?"
"ఆగాలి."
"ఆగినంతసేపూ ఏం చెయ్యను?"
"లెక్కపెట్టు" అన్నాను. నాకు వచ్చింది అదొక్కటే.
"ఒకటీ రెండూ అనా?"
"ఐదూ పదీ అను. తొందరగా గడుస్తుంది."

మార్చిలో డెల్మర్‌ని పూడ్చారు.
గడ్డకట్టిన నేలని గని మనుషులే తవ్వారు.
పెట్టెలో ముడిచిన చేతుల మీద
నీలపు గీతలు అలాగే ఉన్నాయి.

నాలుగోనాడు ఆ పిల్ల వచ్చి
బల్ల మీద ఒక డబ్బా పెట్టింది. సీలు విప్పలేదు.
"ఒకటి మిగిలింది. ఇంకెవరికైనా పనికొస్తుంది."

ఇచ్చిన మందు వెనక్కి తీసుకోకూడదని రూలు.
తీసుకున్నాను.
పుస్తకం తెరిచాను, పెన్ను మూత తీశాను.
ఏ గడిలో రాయాలి దీన్ని?
బయట బొగ్గు రైలు.
సీసాలు మాట్లాడుకుంటున్నాయి.