ఒక భుజం దిగిన ఆకు

బడిలో ఆకులు తగ్గాయని కబురొచ్చింది.
చిన్న అల్మారా, సొరుగుకు ఆరు చెక్క ఆకులు,
ఒక్కో ఆకు నడుమ పట్టుకోడానికి ఒక బుడిపె.
బల్లెం ఆకు విరిగిందట.
సూది ఆకుని ఎవరో జేబులో వేసుకుపోయారట.
గుండె ఆకు మటుకు అరిగిపోయింది,
అంచుల వెంట వేళ్లు తిరిగి తిరిగి.

ముప్పై ఏళ్లుగా త్సేసిస్ ఊళ్లో కిటికీలు చేస్తున్నాను,
ఆకులు చేయడం ఇదే మొదలు.
కాగితాన్ని మధ్యకు మడిచి కత్తిరించి
బిర్చ్ పలక మీద పరిచి గీత గీశాను.
కుడీ ఎడమా కవలలు.
రంపానికి అలాంటివే ఇష్టం.

వాన వెలిసిన అక్టోబరు ఉదయం.
రస్మా టీచరు నా బూట్లు గుమ్మంలోనే విప్పించి
ఇంత కుర్చీ చూపించింది.
మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను.
నన్నెవరూ పట్టించుకోలేదు.
ఎవరి చాప మీద వాళ్లకి పనుంది:
ఒకడు పాత టెలిఫోన్ డైరెక్టరీ తెరిచి
ఎండిన ఆకును రెండు వేళ్లతో లేపుతున్నాడు,
నిద్రపోయే పిల్లిని పక్కకు జరిపినట్టు.
ఇంకొకతె ఈనెల వైపు రంగు పూసి
కాగితం మీద బోర్లించి
పిడికిలితో నొక్కి, ఊపిరి బిగబట్టి తీస్తోంది.

మడారా అని ఒక పిల్ల, ఐదేళ్లుంటాయి.
(పొలం గట్ల మీద పూసే ఒక మొక్క పేరు అది.)
నా కొత్త గుండె ఆకును తడిమి చూసింది,
ఫ్రేములో పెట్టింది, తీసింది.
ప్రాంగణంలోని లియెపా చెట్టు ఆకు తెచ్చి
దాని మీద పరిచింది.
చాలాసేపు చూసింది.
"సరిపోదు," అంది.

నేనైతే అనేవాణ్ణి, దాదాపు సరిపోయిందిలే తల్లీ అని.
రస్మా ఏమీ అనలేదు.
రంగుల ట్రేని కాస్త ఇటు జరిపిందంతే.

పసుపు వేసింది, చాల్లేదు.
అందులో కాస్త టీ మరకలాంటి గోధుమరంగు.
నడిమి ఈనె మొదట్లో ఆకుపచ్చ ఇంకా మిగిలుందని
బ్రష్షు కొసతో అక్కడ ఒక్క చుక్క.
పురుగు తిన్నచోట ఏమీ వేయలేదు,
కాగితాన్ని కాగితంగానే వదిలేసింది.
అప్పుడు కనిపించింది నాకు:
బొమ్మలో ఆకు ఎడమ భుజం కిందికి దిగి ఉంది,
ఒంటిచేత్తో పాలక్యాను మోసే మనిషిలా.
ఆకును చేతిలోకి తీసుకున్నాను.
నిజమే. దిగే ఉంది.

ఆ రాత్రి రంపం పట్టాను మళ్లీ.
మడత పెట్టలేదు, కొలత బద్ద తీయలేదు,
ఆకునే పలక మీద పెట్టి పెన్సిలు తిప్పాను.
రెండుసార్లు పాడైంది.
మూడోదానికి నూనె పట్టించి
గురువారం పట్టుకెళ్లాను, కాస్త గర్వంగానే.

మడారా వేలు పెట్టి చుట్టూ తిప్పింది.
భుజం దగ్గర వేలు జారి, ఆగి, మళ్లీ ఎక్కింది.
నవ్విందనుకున్నాను.
లేచి వెళ్లి ఒక రెమ్మ తెచ్చింది,
ఇటొక ఆకు, అటొక ఆకు.
ఇటువైపుది ఎడమకు ఒరిగితే
అటువైపుది కుడికి ఒరిగింది.
చెక్క ఆకును బోర్లించి ఫ్రేములో పెట్టబోయింది.
పట్టలేదు.
"ఇది ఈ చేతిది," అంది. "ఆ చేతిది ఏదీ?"

నా కొట్టు ముందున్నది లియెపానే.
దాని పూలతో ప్రతి జలుబుకీ టీ కాచుకున్నాను,
దాని కింద నిలబడి ఎన్ని రంపాలకు పదును పెట్టానో,
ఊడ్చి పారేసిన ఆకులైతే బళ్లకొద్దీ.

రస్మా అల్మారా వైపు తిరిగి
సొరుగు సర్దుతున్నట్టు నటిస్తోంది,
భుజాలు కదులుతున్నాయి.

సోమవారానికి తెస్తానన్నాను.
ఇంకో ఆకు, దానికి ఇంకో ఫ్రేము.
వీటోల్స్ గారికి ఫోన్ చేసి చెప్పాలి,
వంటింటి కిటికీ ఈ వారం అవదని.