ఉప్పు కడిగే పని

మా తాత ఈ ఊళ్ళోనే ఉప్పు వండేవాడు,
సాలె నది పక్కన, ఇనప పెనాల మీద.
నాది ఉప్పు కడిగే పని.
హాలె ఊరు ఊరంతా ఉప్పు మీద లేచింది గానీ
నా యంత్రానికి ఉప్పంటే గిట్టదు,
చిటికెడు మిగిలినా రాత్రంతా దాని గొంతు బొంగురే.

రెండు ప్రోటీన్లు.
అవి ఒకదాన్నొకటి ఎక్కడ తాకుతాయో చూసినవాళ్ళు లేరు.
అందుకే వాటి మధ్యకి ఒక లంకెను వదులుతాం:
చెరో చివరా కొక్కెం, నడుమ పొట్టి తాడు.
లైసీన్ అందితే పట్టేసుకుంటుంది.
ఆ తర్వాత ట్రిప్సిన్ వచ్చి అన్నిటినీ తరిగేస్తుంది,
లంకె పడ్డచోట మాత్రం కత్తి దిగదు.
వెయ్యి ముక్కల్లో అలాంటి జంట ఒకటో రెండో.
మిగతావన్నీ ఒంటివి, పెద్దనోరువి.

పదకొండున్నర. చివరి ట్రామ్ వంతెన ఎక్కింది.
వెంట్రుకకన్నా సన్నని సూది మొనలోంచి
ద్రవం మంచుపొగలా దూకుతుంది,
గాలి లేని గదిలో ఒక్కో ముక్కా తూకానికొస్తుంది.
రెండు ఆవేశాలున్నవాటిని పోనిస్తాను.
నాలుగున్నవాటిని ఆపి పగలగొట్టమంటాను,
రెండు తలలున్నదానికే కదా అంత ఆవేశం!

పగిలితే లంకె నడిమికి తెగుతుంది.
తెగిన తాడు తుంపు చెరోవైపూ వేలాడుతూ
తెరమీద రెండు గీతలు, ఎడం ముప్పై రెండు.
పక్కనే మరో రెండు. మళ్ళీ ముప్పై రెండు.
ఈ ఒక్క అంకె కోసం రెండుసార్లు కళ్ళజోడు మార్చాను.

ఫాల్కో గంతేశాడు. మూడో ఏడు పరిశోధన, చిన్నవాడు.
ముందు దొంగపేర్లు చూడు, అన్నాను.
జాబితాలో సగం మేం రాసినవే,
వరస తిరగేసి, ఏ ప్రాణిలోనూ లేనివి.
వాటి చేతిలో ఎన్నిసార్లు మోసపోయామో లెక్కేసుకుంటేనే
నిజాన్ని ఎంత నమ్మాలో తేలేది.
మొన్న మార్చిలో వాడి అందరికన్నా గొప్ప లంకె
దొంగపేరే అయింది. ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

ఇది దొంగది కాదు.
ఎనభై ఎనిమిదో లైసీన్, అటువైపు నాలుగొందల పన్నెండోది.
గోడమీది బొమ్మలో వాటి మధ్య అరవై ఆంగ్‌స్ట్రాములు,
మా తాడు ముప్పైకి మించి సాగదు.
"తప్పేమో ఓర్ట్రున్" అన్నాడు ఫాల్కో.
మూడుసార్లు నడిపాం. మూడుసార్లూ అదే.

ఆ బొమ్మ స్ఫటికంలో బిగుసుకున్నప్పుడు తీసింది.
నీళ్ళలో ఉన్నప్పుడు
ఎవరు ఎటు వంగారో దానికేం తెలుసు?
ఒక్క క్షణమైనా దగ్గరికి రాకపోతే
తాడు అందేదే కాదు.

ఫాల్కో బొమ్మ పీకెయ్యలేదు.
పెన్సిలు తీసుకుని ఆ రెండు చోట్లనూ కలిపాడు,
గీత నడుమ ఏమీ లేని తెల్లకాగితం మీదుగా పోయింది.
దాన్ని చూస్తూ కాసేపు నిలబడ్డాడు, కోటు తొడుక్కోకుండా.

నేను చేతి తొడుగులు మార్చుకున్నాను.
రేపటి గొట్టంలో ఇంకా ఉప్పుంది.