తోక చిక్కిన చోట

రుకూరు వంతెన దిగీ దిగగానే
వెనక చక్రం బుస్సుమంది.
సరిగ్గా నా కింద.

గ్వామాకా దిగాడు. నేను దిగాను.
నా బుట్ట మాత్రం నెత్తిమీదే ఉంది.
అందులో తెల్లారకముందు సరస్సులోంచి లేచిన ఉసిపాలు,
వేలెడంత చేపలు.
ఎండకి మా తొందరతో పని లేదు,
దాని పని అది మొదలుపెట్టింది.

"ఐదు నిమిషాలమ్మా" అన్నాడు.
కబాజా తొక్కే కుర్రాళ్ళ ఐదు నిమిషాలు
కరోంగా ఊళ్ళో ఎవరికి తెలియవు?

సైకిలుని తలకిందులు చేశాడు.
పాత టైరు పండిన అరటితొక్కలా ఊడొచ్చింది,
పక్కన బెత్తెడు చీలిక.
ట్యూబుకి అతుకేసి ఉమ్మి రాసి చూశాడు, బుడగ రాలేదు.
హ్యాండిలుకి మూడు రోజులుగా దండలా వేలాడుతున్న
కొత్త టైరు తీశాడు.

సగం దాకా మర్యాదగానే ఎక్కింది.
ముప్పావు దాకా సణుక్కుంటూ ఎక్కింది.
ఆఖరి జానెడు దగ్గర
ఏనుగు వెళ్ళింది, తోక చిక్కింది.

బొటనవేళ్ళతో తోశాడు.
ఇటు తోస్తే అటు జారింది,
అటు పట్టుకుంటే ఇటు లేచింది.
మోకాలు ఆనించాడు, పళ్ళు బిగించాడు,
వాళ్ళమ్మకి చెప్పకుండా తెచ్చిన చెంచాలు రెండూ దూర్చాడు.
ఒకటి వంగిపోయి ఆకాశం వైపు చూసింది.
"చెంచాతో పొడిస్తే మళ్ళీ ట్యూబు చిల్లి" అన్నాను.
"తెలుసమ్మా" అన్నాడు, తెలియనివాడి గొంతుతో.

బుట్ట దించాను.
చీర్నె సంచిలో కొత్త సబ్బు ఉంది, పిల్లల బట్టలకి కొన్నది.
బిగిసినదాన్ని సబ్బు ఎలా ఒప్పిస్తుందో నాకు తెలుసు.
మా ఆయన వేలు వాచిన ఏడు
ఉంగరం రాక ఆసుపత్రిలో రంపం తెమ్మన్నారు,
నేను సబ్బు తెమ్మన్నాను.
ఆ ఉంగరం అమ్మిన డబ్బుతోనే
నా మొదటి బుట్ట చేపలు.
ఆయన ఇంకా అడుగుతుంటాడు, ఎక్కడ పెట్టావని.

సీసాలో నీళ్ళు పోసి, సబ్బు అరగదీసి
టైరు అంచంతా పూశాను.
అప్పుడు వాడి వేళ్ళే జారిపోయాయి.
ఇద్దరం నవ్వలేదు.

చెప్పులు చేతపట్టుకుని బడికి పోతున్న పిల్ల ఆగింది.
ఎనిమిదేళ్ళుంటాయేమో.
కాసేపు చూసి, పెద్ద మేస్త్రీలా పెదవి విరిచి,
"అక్కడ కాదన్నా" అంది.
"మరెక్కడ?"
"ఎదురుగా. అవతల అంచు పైకెక్కి కూర్చుంది చూడు.
రిమ్ము మధ్యలో గుంట ఉంటుంది కదా,
దాన్ని అందులోకి తోసెయ్.
వదులంతా అక్కడే దాక్కుంది."
ఎవరి కూతురివే అంటే
ఎవరి కూతుర్నైతే ఏం అన్నట్టు భుజం ఎగరేసింది.

నేను అటు, వాడు ఇటు.
అవతలి అంచుని వేలితో వేలి పక్కన నొక్కుతూ
చుట్టూ గుంటలోకి దింపుకొచ్చాను.
వాడి చేతికింద ఆ జానెడు బెత్తెడైంది,
బెత్తెడు రెండు వేళ్ళైంది.
వాల్వుని లోపలికి ఒక నొక్కు నొక్కాడు.

టప్.

ఇంత గొడవకీ అంత చిన్న చప్పుడు.
ఆ పిల్ల అది వినడానిక్కూడా ఆగలేదు,
బడిగంట అప్పటికే మోగింది.

పంపు కోసం మళ్ళీ పావుగంట.
గాలి నిండాక చూస్తే ఒకచోట టైరు కొంచెం ఎత్తుగా కూర్చుంది.
"మళ్ళీ విప్పనా?" అన్నాడు.
నేను వెనక సీటెక్కి కూర్చున్నాను, అదే జవాబు.

చక్రం తిరిగినప్పుడల్లా ఒక కుదుపు,
నన్ను లేపి కూర్చోబెడుతూ.
మూడు వందల దాకా లెక్కపెట్టి మర్చిపోయాను.

సంతలో ఉసిపాల ధర అప్పటికే పడిపోయింది.
కిరాయిలో సబ్బు ఖరీదు తగ్గించి ఇచ్చాను,
న్యాయం న్యాయమే.
వాడు చేయి చాపాడు, ఎర్రగా ఉబ్బిన బొటనవేళ్ళు
నోటుని పట్టుకోలేకపోయాయి.
రెండుసార్లు కింద పడింది.

మడిచి వాడి చొక్కా జేబులో నేనే పెట్టాను.
సబ్బు తాలూకు నోటు కూడా.